ఏడో వారం: షాంటిలీ నుంచి షామ్‌బర్గ్ దాకా

అమెరికా నుంచి వచ్చాక మా ఖమ్మంలో అందరూ అడిగింది ఒకటే, నయాగరా చూశారా అని. చూడలేదు. స్వేచ్ఛా విగ్రహమూ చూడలేదు. గర్భసంచిలో బాక్టీరియా ఉంటుందా ఉండదా అన్న సంగతి తెలుసుకుందామని వెళ్లాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు కాఫీ గ్లాసు కింద పెట్టి వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెడతారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివేవాళ్లు మొహం తిప్పుకున్నా నాకు కనపడదు కదా.

నేను సూక్ష్మజీవశాస్త్రం చెప్పే టీచర్ని. డిగ్రీ కాలేజీలో రిటైరయ్యాక ఇప్పటికీ ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మేం చదువుకున్న పుస్తకాల్లో ఒకే మాట ఉండేది: ఆరోగ్యంగా ఉన్న గర్భసంచిలో సూక్ష్మజీవులు ఉండవు. ఇప్పుడా మాట మీద పెద్ద తగువే నడుస్తోంది. ఉన్నాయని కొందరు, ఉన్నా ఏమంత లెక్కలోవి కాదని కొందరు, మీకు దొరికినవి మీ చేతి గ్లోవ్స్ మీద నుంచి వచ్చినవేనని మరికొందరు. నా పాత శిష్యురాలు సింధు ఈ తగువు మధ్యలో ఉంది. నల్గొండ పిల్ల, షికాగో దగ్గర ఒక ల్యాబులో పని. గర్భం సంచిలో కాకుండా అండం వచ్చే ట్యూబులో నిలిచిపోయిన ఆడవాళ్లలో ఈ సూక్ష్మజీవుల కూర్పు వేరుగా ఉంటుందా అన్నది వాళ్లు వెతుకుతున్న విషయం. ఆ పక్కనే షామ్‌బర్గ్‌లో ఒక హోటల్లో జరిగే సభలో తన పరిశోధన పోస్టరు పెడుతున్నారని, "మీరొస్తే నాకు ధైర్యముంటది మేడమ్" అని ఫోన్ చేసింది. నాకు వీసా ఉంది, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి. బయల్దేరాను.

షాంటిలీలో బొప్పాయి

ముందు దిగింది వర్జీనియాలో, మా చిన్నమ్మ కూతురు సుజాత ఇంట్లో. షాంటిలీ అంటే ఏదో ఊరనుకున్నాను. విశాలమైన రోడ్లు, ఒకే అచ్చులో పోసిన ఇళ్లు, టైర్ల దుకాణం పక్కనే మన కిరాణా కొట్టు. సాయంత్రం ఆ కొట్టులో మెడలో ఆఫీసు కార్డులు తీయకుండానే మనవాళ్లు గోంగూర ఏరుకుంటుంటారు. అక్కడ చిన్న కరివేపాకు పొట్లానికి పెట్టే డబ్బుతో మా ఊళ్లో మొక్కే కొనుక్కోవచ్చు. ఆ మాట అంటే సుజాత, "నువ్వు రూపాయల్లోకి మార్చి చూడకక్కా, ఏమీ తినలేవు" అంది.

సుజాత కూతురు నిత్య. అక్కడే పుట్టి పెరిగింది. తణుకు కుర్రాడు కార్తీక్‌ని పెళ్లి చేసుకుంది. అతను మిషిగన్‌లోని ట్రాయ్‌లో కార్ల కంపెనీ ఇంజనీరు. నిత్యది ఇంటి నుంచే పనిచేసుకునే ఉద్యోగం కాబట్టి నెలలో కొన్నాళ్లు అమ్మ దగ్గర, మిగతా రోజులు మొగుడి దగ్గర. నేను షామ్‌బర్గ్ వెళ్లాలని తెలిసి, "నేను ట్రాయ్‌కి డ్రైవ్ చేస్తున్నాను పెద్దమ్మా, నాతో రా. అక్కడ నుంచి కార్తీక్ డ్రాప్ చేస్తాడు" అంది. పెద్దవాళ్లని నువ్వు అనటం దాని తప్పు కాదు, దాని తెలుగులో మీరు అన్న మాటకి చోటు దొరకలేదు.

పొద్దున్నే సుజాత బొప్పాయి కోసి నాకు పళ్లెంలో పెట్టింది. నిత్య పళ్లెంలో మాత్రం ఆపిల్ ముక్కలున్నాయి. చిన్నప్పుడు సెలవులకొచ్చి మా పెరట్లో కాయంతా తనే తిని, గింజలు నా చీర కొంగులో పోసిన పిల్ల. "బొప్పాయి తినవేమే?" అన్నాను. అది తల్లి వైపు చూసింది. తల్లి సింకు వైపు చూసింది. "ఈ మధ్య దానికి పడటం లేదక్కా" అంది సుజాత.

సంగతి అర్థమైంది. అడగలేదు. మూడో నెల నిండేదాకా ఇంట్లోవాళ్లు చెప్పకూడదు, తెలిసినవాళ్లు తెలిసినట్టు కనపడకూడదు. మనలో అదొక మర్యాద. నేను ఇంకో రెండు ముక్కలు తిని చేయి కడుక్కున్నాను. లోలోపల ఎంత సంబరపడ్డానో సుజాతకీ తెలుసు.

కొండల్లో కారు క్లాసు

పెన్సిల్వేనియా కొండల్లోకి ఎక్కేసరికి నాకు ఉత్సాహం వచ్చింది. నాకు ఉత్సాహం వస్తే పాఠం వస్తుంది. సభలో ఏం జరుగుతుందో చెప్పమని నిత్యే అడిగింది.

"సో, యూట్రస్‌లో బగ్స్ ఉంటాయా పెద్దమ్మా?"

"అదే కదా తగువు. యోనిలో ఉంటాయని ఎప్పటి నుంచో తెలుసు. పాలని తోడుపెట్టేవాటికి చుట్టాలు. అవి పులుపు చేసి చెడ్డవాటిని దగ్గరికి రానివ్వవు. పైన గర్భసంచిలో కూడా కొద్దిగా ఉన్నాయని ఇప్పుడంటున్నారు."

"అవి బ్యాడ్ అయితే ఏమవుతుంది?"

పిల్ల మరీ శ్రద్ధగా అడుగుతోందని మురిసిపోయాను. అండం ఫలదీకరణ చెందాక ట్యూబులోంచి సంచిలోకి రావడానికి కొన్ని రోజులు పడుతుందని, ట్యూబు లోపల సన్నటి నూగు దాన్ని మెల్లగా తోసుకొస్తుందని చెప్పాను. ఎప్పుడో వచ్చి తెలియకుండానే పోయిన ఇన్ఫెక్షన్ వల్ల ఆ ట్యూబులో మచ్చలు పడితే గర్భం దారిలోనే ఆగిపోవచ్చు. ఇది పాత సంగతి. "కొత్త సంగతేమిటంటే, అలా ట్యూబులో ఆగినవాళ్ల గర్భసంచిలో బాక్టీరియా కూర్పు తేడాగా ఉందని కొన్ని చిన్న పరిశోధనల్లో కనపడింది. మంచివి తగ్గి వేరేవి పెరిగాయట."

"అంటే వాళ్ల బగ్స్ వల్ల?"

"ఉండొచ్చంటున్నారు. అయితే..." అని నేను అసలు ముక్క మొదలుపెట్టేసరికి పక్కకి తిరగాల్సిన దారి వచ్చింది. నిత్య రోడ్డు మీద దృష్టి పెట్టింది. కాసేపటికి బ్రీజ్‌వుడ్ అనే చోట ఆగాం. అదొక వింత. పెద్ద హైవే కాస్తా ఉన్నట్టుండి పెట్రోలు బంకుల మధ్య మామూలు రోడ్డయిపోతుంది, సిగ్నల్ దగ్గర లారీలన్నీ బుద్ధిగా నిలబడతాయి. చెక్క బెంచీ మీద సుజాత కట్టిచ్చిన పులిహోర విప్పాం. పక్క బెంచీలో కుక్కతో కూర్చున్న ముసలాయన అదేమిటని అడిగితే కాగితం పళ్లెంలో పెట్టిచ్చాను. తిని, బాగుంది కానీ ఉప్పు తగ్గిందన్నాడు. నిజమే, తగ్గింది. సుజాతకి ఫోన్ చేసి చెప్పాను కూడా.

ఆ హడావిడిలో నా పాఠం సగంలోనే ఆగిపోయింది. "అయితే" అన్న మాట తర్వాత చెప్పాల్సింది చెప్పనే లేదు. నిత్య కూడా మళ్లీ అడగలేదు.

ఒహాయోలో నువ్వుల చిక్కీ

ఒక్క రోజులోనే ట్రాయ్ చేరాలని మా ఆలోచన. ఒహాయో సరిహద్దు దాటాక నిత్య, "టుడేకి చాలు పెద్దమ్మా, సీటు నాకు పడట్లేదు" అంది. పొట్టకి ఎడమ పక్కన చేయి పెట్టుకుని, వీపు వెనక స్వెటర్ దోపుకుని కూర్చుంది. మొదటి నెలల్లో అలసట మామూలే కదా అనుకున్నాను. హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం.

మోటెల్ నడిపేది గుజరాతీ కుటుంబం. ఆవిడ మా మొహాలు చూసి కౌంటరు వదిలేసి లోపలికెళ్లి అల్లం టీ పట్టుకొచ్చింది. ఇరవై నాలుగ్గంటలూ ఎవరో ఒకరు తలుపు తడుతూనే ఉంటారట, భార్యాభర్తలు కలిసి సినిమాకి వెళ్లి ఎన్నేళ్లయిందో చెప్పుకుని నవ్వింది. నాకు వచ్చిన హిందీ, ఆవిడకి వచ్చిన హిందీ కలిసి బాగానే నడిచాయి. టీతో పాటు నువ్వుల చిక్కీ పెట్టింది. నిత్య థాంక్యూ చెప్పి, ఆవిడ అటు తిరగ్గానే చిక్కీ మెల్లగా నా చేతిలో పెట్టేసింది.

నాకు నవ్వాగలేదు. చెత్త ఏ డబ్బాలో వేయాలో నాకు పాఠం చెప్పే పిల్ల, మారథాన్లు పరిగెత్తే పిల్ల, వేడి చేస్తుందని నువ్వులు ముట్టడం లేదు. మా ఖమ్మంలో పిల్లలైనా ఈ రోజుల్లో ఇంత నియమంగా ఉంటారో లేదో. అమ్మ ఫోన్లో చెప్పిన ప్రతి మాటనీ ఇది గట్టిగా పట్టుకుంది. చిక్కీ నేనే తినేశాను.

టర్న్‌పైక్ పక్కన

మర్నాడు టొలీడో ఇంకా కొంత దూరం ఉందనగా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద ఒక విశ్రాంతి స్థలంలో ఆగాం. బాత్రూములు, కాఫీ కొట్లు, మసాజ్ కుర్చీలు అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. మన బస్టాండుని అద్దంలా తుడిచిపెట్టినట్టుంటుంది. నిత్య బాత్రూముకెళ్లి చాలాసేపటికి వచ్చింది. మొహంలో రక్తం లేదు. ఎదురు కుర్చీలో కూర్చుని కుడి భుజం గట్టిగా పట్టుకుంది.

"ఏమైందే?"

"షోల్డర్ పెయిన్. డ్రైవింగ్ వల్ల."

"పొట్టలో నొప్పి తగ్గిందా?"

"అది ఉంది. ఓకే పెద్దమ్మా, రెండు మినిట్స్ కూర్చుంటే పోతుంది."

నేను డాక్టర్ని కాను. కానీ నర్సింగ్ పిల్లల మౌఖిక పరీక్షల్లో ఏటా ఒక గైనిక్ డాక్టరు పక్కన కూర్చుంటాను. ఆవిడ ఒక ప్రశ్న మానకుండా అడుగుతుంది. నెల తప్పిన స్త్రీకి పొట్టలో ఒక పక్క నొప్పి ఉండి, దానితో భుజం కొనలో నొప్పి వస్తే నువ్వేం అనుకుంటావు? జవాబు చెప్పలేక పిల్లలు చీర అంచులు నలుపుతుంటే ఆవిడే చెబుతుంది. ట్యూబు పగిలి లోపల రక్తం చేరితే అది పైనున్న డయాఫ్రం పొరని రేపుతుంది, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో, ఆవిడ గొంతు సహా నాకు వినపడింది.

మర్యాద పక్కన పెట్టేశాను. "నిత్యా, ఎన్నో వారం?"

"వాట్? అలాంటిది ఏం లేదు."

"నాకు తెలుసే. చెప్పు."

"అమ్మకి ప్రామిస్ చేశాను" అంది నిత్య. కళ్లు మూసుకుని తల టేబుల్ మీద పెట్టేసింది.

సుజాతకి ఫోన్ చేశాను. "నిత్యకి ఎన్నో వారం?" అంటే, ఏ మాత్రం తడుముకోకుండా, "అబ్బే, అదేం లేదక్కా, నీకెవరు చెప్పారు?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురు కుర్చీలో పిల్ల, ఫోన్లో తల్లి, ఇద్దరూ నా మొహం మీదే అబద్ధం చెబుతున్నారు. అదీ నా దగ్గర, సెలవులకొచ్చినప్పుడు నిత్యకి మొదటిసారి అక్షరాలు దిద్దించిన నా దగ్గర.

"సుజాతా, నీ కూతురు భుజం పట్టుకుని టేబుల్ మీద పడి ఉంది. కడుపులో నొప్పి నిన్నటి నుంచి ఉంది. దిష్టి సంగతి తర్వాత చూద్దాం. ఎన్నో వారం?"

"ఏడు" అంది. తర్వాత ఏడుస్తూ, "మొదటి స్కాన్ వచ్చే వారం. ఎనిమిదో వారంలో రమ్మన్నారు" అంది.

నాకు కారు నడపడం రాదు, వచ్చినా ఆ దేశంలో నడపలేను. కాఫీ కొట్టులో ఉన్నావిడ దగ్గరికెళ్లి, నా పిల్ల గర్భవతి, లోపల రక్తం పోతోందేమో, అంబులెన్సు పిలవండి అన్నాను. నా ఇంగ్లీషు అంత సూటిగా ఎప్పుడూ పలకలేదు. ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకుంటూనే బయటికొచ్చి, నిత్యని నేల మీద పడుకోబెట్టి తన కోటు కప్పింది. పేరు అడగటం కూడా మరిచిపోయాను. ఆ కోటు అంబులెన్సులో మాతోనే వచ్చేసింది. మర్నాడు కార్తీక్ వెళ్లి ఇచ్చొచ్చాడు.

ఆసుపత్రి

అక్కడి ఆసుపత్రిలో మమ్మల్ని ఆగమనలేదు. స్కాన్ తీశారు. గర్భసంచి ఖాళీగా ఉంది, ఎడమ ట్యూబు దగ్గర వాచింది, కడుపులో రక్తం చేరింది. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లేటప్పుడు నిత్య నా చేయి వదల్లేదు. "కార్తీక్‌కి చెప్పు పెద్దమ్మా, బట్ వాళ్ల అమ్మకి చెప్పొద్దని చెప్పు" అంది. ఆ స్థితిలోనూ దానికి అదే ధ్యాస.

బయట కూర్చున్నంతసేపు నేను ధైర్యంగానే ఉన్నాననుకున్నాను. కార్తీక్‌కి ఫోన్ చేసి, ఆసుపత్రి పేరు చెప్పకుండానే పెట్టేసి మళ్లీ చేశాను. అప్పుడు తెలిసింది నాకెంత భయంగా ఉందో.

ట్రాయ్ నుంచి కార్తీక్ వచ్చేసరికి డాక్టరు బయటికొచ్చింది. పొడవైన ఆవిడ, మెల్లగా మాట్లాడింది. ట్యూబు తీసేశారు, రక్తం ఆగింది, రెండో ట్యూబు బాగానే కనపడుతోంది, ముందు ముందు గర్భం రావడానికి అవకాశం ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కార్తీక్ ఆవిడకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీరు అడిగి ఉండకపోతేనండీ" అని అక్కడే ఆగిపోయాడు.

సాయంత్రానికి నిత్యకి తెలివొచ్చింది. పెదాలు తడిపాను. అది అడిగిన మొదటి మాట ఇది: "పెద్దమ్మా, నా బగ్స్ బ్యాడా?"

ఆ మాట నన్ను గుచ్చింది. కారులో నేను చెప్పిన సగం పాఠాన్ని పిల్ల మత్తులోకి కూడా తీసుకెళ్లింది. మిగతా సగం అక్కడే చెప్పాలని చూశాను. తేడా కనపడినంత మాత్రాన అదే కారణం కాదే, గర్భం అలా నిలిచినందువల్లే ఆ తేడా వచ్చి ఉండొచ్చు, రక్తస్రావం వల్ల రావొచ్చు, ఇంకా ఎవరూ తేల్చలేదు అన్నాను. అది కళ్లు మూసుకుంది. నేను ఓదార్చడానికి అంటున్నాననే అనుకుంది.

ట్రాయ్: అపెండిక్స్ కూరలు

ట్రాయ్‌లో వాళ్ల ఇల్లు చెరువు పక్కన. బాతులు రోడ్డు దాటుతుంటే కార్లన్నీ ఆగుతాయి. అక్కడివాళ్లలో సగం మంది కార్లు తయారుచేసేవాళ్లే, అయినా బాతులకే మొదటి హక్కు. సుజాత మర్నాటికల్లా విమానంలో దిగింది. కూతుర్ని చూసి ఎంత ఏడవాలో అంత ఏడ్చి, కళ్లు తుడుచుకుని మొదట చేసిన పని ఏమిటంటే, ఊళ్లోవాళ్లకి చెప్పాల్సిన కథ తయారుచేయడం. అపెండిక్స్ ఆపరేషన్.

ట్రాయ్ తెలుగువాళ్లు మంచివాళ్లు. కబురు తెలిసిన పూటే గుమ్మంలో డబ్బాలు మొదలయ్యాయి. మెంతి పప్పు, కాకరకాయ వేపుడు, కారం లేని సాంబారు. తెచ్చిన ప్రతి ఆవిడా అపెండిక్స్ గురించి ఒక ముక్క చెప్పింది. పిజ్జా ఎక్కువ తింటే వస్తుందన్నారు ఒకరు, నీళ్లు తక్కువ తాగితే అన్నారు ఇంకొకరు. నేను టీచర్ననే సంగతి మరిచి తలూపుతూ కూర్చున్నాను.

లోపల గదిలో అసలు కారణాలు వేరేగా నడుస్తున్నాయి. ఎవరిదో సీమంతంలో నిత్య పట్టుచీర కట్టుకుందని, అక్కడ దిష్టి తగిలిందని సుజాత. అంత దూరం కారు నడపనివ్వడమేమిటని తణుకు నుంచి అత్తగారు. ఆవిడకి చివరికి కార్తీకే చెప్పాడు. రెండు ఊళ్ల కాపురం పెట్టింది నేనేనండీ అని కార్తీక్ తనని తనే తిట్టుకుంటున్నాడు. నిత్య ఎవరితోనూ వాదించలేదు. దాని మనసులో దానికి వేరే కారణం ఖాయమైపోయింది. మంచం మీద పడుకుని ఫోన్లో ఇంట్లోనే చేసుకునే పరీక్ష కిట్లు, మంచి బాక్టీరియా గోళీలు ఆర్డర్ చేసుకుంటోంది. ఆ గోళీల సీసా మీద గులాబీ రంగు గర్భసంచి బొమ్మ, దానికి నవ్వు మొహం. నాకు సీసా కిటికీలోంచి చెరువులోకి విసరాలనిపించింది.

ఒక మధ్యాహ్నం కార్తీక్ మజ్జిగ తెచ్చిస్తే అతనితో అంది, "ఐ యామ్ నాట్ డూయింగ్ దిస్ అగైన్. నా బాడీ మళ్లీ ఇదే చేస్తుంది. ఇంక ట్రై చేయను." అతను మంచం అంచున కూర్చున్నాడు. గుమ్మంలో నేను విన్నాను. ట్యూబు ఒకటి మిగిలింది, డాక్టరు అవకాశం ఉందంది, కానీ ఈ పిల్ల తన ఒంటి మీద నమ్మకం పోగొట్టుకుంటోంది. దానికి సగం ఊపిరి పోసింది నా పాఠమే. అది నాకు చాలా బాధ కలిగించింది.

సభ రోజు దగ్గరపడింది. నేను మానేద్దామనుకున్నాను. నిత్యే ఒప్పుకోలేదు. "నేనూ వస్తాను. నీ స్టూడెంట్‌ని నేనే అడుగుతాను" అంది. పక్క సీట్లో కూర్చుని వెళ్లొచ్చని డాక్టరు అంది. సుజాత తిరుగు విమానం ఎక్కబోతూ నన్ను పక్కకి పిలిచింది. "షామ్‌బర్గ్‌లో పద్మ వాళ్లింట్లో దిగుతున్నారు కదా. వర్జీనియాలో ఉన్నప్పటి నుంచి నా స్నేహితురాలే, మంచిదే. కానీ దానికి తెలిస్తే అందరికీ తెలిసినట్టే. అపెండిక్స్ అనే చెప్పక్కా." సరేనన్నాను.

షామ్‌బర్గ్: పోస్టరు ముందు

కడుపు మీద బెల్టు ఒరుసుకోకుండా దిండు పెట్టుకుని నిత్య కూర్చుంది, కార్తీక్ నడిపాడు. షామ్‌బర్గ్ అంటే ఆఫీసు భవనాలు, వాటి మధ్య ఇడ్లీ దుకాణాలు. హోటల్ హాల్లో పోస్టర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, ప్రతిదాని పక్కనా దాన్ని చేసినవాళ్లు పెళ్లిచూపుల్లో కూర్చున్నవాళ్లలా బిగుసుకుని ఉన్నారు. సింధు నన్ను చూసి పరిగెత్తుకొచ్చి కాళ్లకి దణ్ణం పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూశారు. నాకు గర్వంగానే ఉంది.

నిత్యకి ఏమైందో ముందే ఫోన్లో చెప్పాను. సింధు దానికి కుర్చీ వేసి ఎదురుగా కింద కూర్చుంది.

"నువ్వు స్టడీ చేస్తావు కదా అక్కా. నాకు చెప్పు. నాకు అదేనా అయింది?"

సింధు నా వైపు చూడలేదు. ఆలోచించింది. "తెల్వదు" అంది.

నిత్య కుర్చీలో ముందుకు జరిగింది.

"నిజంగ తెల్వదు. నీలో ఏముండెనో నాకు తెల్వదు, ఎవ్వరికీ తెల్వదు. చూడు, మేం శాంపిల్ ఎప్పుడు తీస్తం? ఇట్ల అయినంక తీస్తం. ముందు ఎట్లుండెనో ఎవరు చూసిన్రు? ఇంకో కష్టం చెప్పాలె. ఏ శాంపిల్ వెయ్యకుండ ఉత్త నీళ్లు పరీక్ష చేస్తే దాంట్ల కూడ బాక్టీరియా కనపడ్డది. అది ల్యాబుది, డబ్బాలది. అంత కొద్దిగ ఉన్నకాడ ఏది ఆడమనిషిది, ఏది మాది అని విడదీసుడే మా పని అయిపోయింది. పోస్టరుల సగం అదే ఉంది."

పోస్టరు చూశాను. నిజంగానే సగం అదే ఉంది. తనకి దొరికినవాటిలో ఏవి నమ్మకూడదో ముందు రాసి, మిగిలింది చివర్లో చిన్నగా రాసింది.

"మరి ఆన్‌లైన్‌లో పిల్స్?"

"మింగితే మింగు. ట్యూబులో గర్భం రాకుండ ఆపుతయని మాత్రం ఎవరూ చూపెట్టలే. పాత ఇన్ఫెక్షన్, ఇదివరకటి ఆపరేషన్, సిగరెట్లు, వీటి సంగతి తెలుసు. చానామందిల ఏ కారణమూ దొరకదు. మళ్ల నెల తప్పినప్పుడు ఎనిమిదో వారం దాకా ఆగకు. టెస్ట్ రాంగనే డాక్టర్‌కి ఫోన్ చేసి, నాకు ముందు ఇట్ల అయిందని చెప్పు. వాళ్లు తొందరగ చూస్తరు. అది తెలుసు నాకు."

"సో, నేను ఏదో చేశానని కాదు."

"నువ్వు చేసినవని చెప్పేది ఏదీ దీంట్ల లేదు చెల్లె."

నిత్య ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "అందరూ నాకు రీజన్ చెప్పారు. అమ్మ, అత్తయ్య, గూగుల్, పెద్దమ్మ. నువ్వు ఒక్కదానివే తెల్వదు అన్నావు" అంది. నా పేరు కూడా ఆ వరసలో ఉంది, ఉండాల్సిందే. కార్తీక్ అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నా శిష్యురాలు నాకంటే మంచి టీచర్ అయిందని అప్పుడే అక్కడే అనిపించింది, బయటికే అన్నాను కూడా. సింధు సిగ్గుపడి పోస్టరు వెనక్కి వెళ్లిపోయింది.

పద్మ గారి వంటింట్లో

సాయంత్రం పద్మ గారింటికి చేరాం. గుంటూరావిడ, గొంతు వీధి చివరికి వినపడుతుంది. గోంగూర పచ్చడి, దోసకాయ పప్పు, పెసరట్లు చేసి మా కోసం చూస్తోంది. కోడలు హారిక పైన పడుకుందని, ఒంట్లో కాస్త నలతగా ఉందని చెప్పింది. అమ్మాయి ఆపరేషన్ సంగతి సుజాత చెప్పిందట, కారం తగ్గించానంది.

నిత్య మెల్లగా తింటోంది. మధ్యాహ్నం నుంచి దాని మొహం తేటగా ఉంది. పద్మ గారు పెనం మీద పిండి తిప్పుతూ, మనలో పెళ్లయిన పిల్లల్ని అందరూ అడిగేదే అడిగింది.

"అపెండిక్స్ సంగతట్టా ఉంచు. పెళ్లై మూడేళ్లు కాలా? ఏవన్నా విశేషవా అమ్మా?"

నేను నోరు తెరిచాను. సుజాతకిచ్చిన మాట గుర్తుంది, చెప్పాల్సిన కథ సిద్ధంగా ఉంది. నిత్య నా చేయి మీద చేయి వేసింది.

"అపెండిక్స్ కాదు ఆంటీ. ప్రెగ్నెంట్ అయ్యాను. ట్యూబ్‌లో వచ్చింది. లాస్ట్ వీక్ సర్జరీ చేశారు. సెవెన్ వీక్స్."

అట్టు మాడిన వాసన వచ్చేసింది. పద్మ గారు పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని నిత్య పక్కన కూర్చుంది. అయ్యో పాపం అనలేదు. గొంతు మొదటిసారి తగ్గింది.

"ఎట్టా తెలిసిందమ్మా? ముందు నొప్పి యాడ వచ్చింది?"

నిత్య పొట్టకి ఎడమ పక్కన చూపించింది. "ఇక్కడ. నేను ఎవరికీ చెప్పలేదు ఆంటీ, థర్డ్ మంత్ వరకు చెప్పకూడదు కదా. తర్వాత ఇక్కడ" అని భుజం చూపించింది.

పద్మ గారు ఆ భుజం వైపు కాసేపు చూసింది. తర్వాత మా ఇద్దరినీ చూసి, "మా కోడలికిప్పుడు రెండో నెల. ఎవరికీ చెప్పలా" అంది. లేచి మెట్ల దగ్గరికెళ్లి, మళ్లీ తన మామూలు గొంతుతోనే పిలిచింది.

"హారికా, ఒకసారి కిందికి రామ్మా. వచ్చి ఈ అమ్మాయి చెప్పేది విను."